హద్దు మీది బావి

బాడుగకు ఇవ్వడానికి ఇల్లు కొనాలనుకునేవాళ్లు ధర్మవరంలో ఇప్పటికీ నన్ను వెంటబెట్టుకుని పోతుంటారు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన టీచరును, ఒంటరిదాన్ని. అయినా మూడు గదుల వరస ఒకటి కట్టి నిలబెట్టుకున్నానని వాళ్లకు నా మీద నమ్మకం. వాళ్లు నాకు గోడలు చూపిస్తారు, తలుపుల చెక్క తట్టి చూపిస్తారు. నేను నేరుగా పెరట్లోకి నడుస్తాను. నీళ్లు ఎక్కడివని అడుగుతాను. బావి ఉంటే అది ఎవరి జాగాలో ఉందని అడుగుతాను. "అందరిదీనమ్మా, అందరూ చేదుకుంటారు" అని అమ్మేవాడు అంటే, ఆ మాట దస్తావేజులో ఎక్కడుందో చూపించమంటాను. అమ్మేవాడికి కోపం వస్తుంది. కొనేవాళ్లకు కూడా ఒక్కోసారి నా మాట కటువుగా తోస్తుంది. "మనుషుల మీద అంత అనుమానం ఏంటికి టీచరమ్మా?" అని ఒకామె నా మొహం మీదే అడిగేసింది. ఆమెకు అప్పుడు జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

మా ఆయన రైల్వేలో పనిచేసేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకే విషజ్వరం వచ్చి పోయాడు. యాభైల నడిమి మాట అది. రైల్వే ఇల్లు ఖాళీ చేయమన్నారు. నాకు పిల్లలు లేరు, తోడబుట్టినవాళ్లూ లేరు. మాది క్రైస్తవ కుటుంబం. నాయన రాప్తాడు దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. ఆయన జొన్నల మూట ఒకటి మోసుకుని బస్సులో వచ్చి, "పా అమ్మీ, మనింటికి పోదాం" అన్నాడు. నాకు అప్పటికే ధర్మవరంలో ఆడపిల్లల బడిలో ఉద్యోగం ఉంది. రానన్నాను. నాయన బలవంతం చేయలేదు. జొన్నలు దించి, నీళ్లు తాగి, వచ్చిన దారినే పోయాడు.

మగ్గాల వీధిలో చిన్న గది ఒకటి బాడుగకు తీసుకున్నాను. ఆ ఇంటి యజమానురాలు మంచిదే గానీ, పొద్దు వాలగానే బావి చేంతాడు విప్పి తన ఇంట్లో పెట్టుకునేది. బడి నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు కాళ్లు కడుక్కోవడానికి కూడా ఆమె గడప ముందు నిలబడి అడగాలి. ఆమె ఇచ్చేది, కానీ అడిగించుకుని ఇచ్చేది. బాడుగ ఇంట్లో ఉండేవాళ్లకు ఏది గుచ్చుకుంటుందో నేను అక్కడ నేర్చుకున్నాను. నాకంటూ ఇల్లు ఉండాలని, దానికి ఆనుకుని ఇంకో రెండు గదులు బాడుగకు ఇస్తే ముసలితనంలో ఎవరి ముందూ చెయ్యి చాచే పని ఉండదని అప్పుడే అనుకున్నాను. మా ఆయన పోయాక రైల్వే నుంచి వచ్చిన సొమ్ము పోస్టాఫీసులో కదపకుండా ఉంచాను.

ఎదురింట్లో ఒక నేతగాడి కుటుంబం ఉండేది. ఆయన పట్టుచీరలు నేసేవాడు, ఆమె కండెలు చుట్టేది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. పెద్ద కూతుర్ని బడిలో చేర్పించడానికి వచ్చి, పేరు రాయించి, వెళ్లిపోకుండా గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, నాక్కూడా నేర్పిస్తావా?" అంది.

"ఏం నేర్పించాల?"

"చదవను, రాయను. షావుకారు ఏదో గీకి ఇస్తాడు, మా ఆయన వేలిముద్ర వేసి వస్తాడు. ఏం రాసినాడో మాకేం తెల్సు?"

ఆ సాయంత్రం నుంచే వచ్చింది. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, ఒళ్లో వాచకం పెట్టుకుని, అక్షరం కింద వేలు ఆనించి పెద్దగా చదివేది. అంత వేగంగా నేర్చుకున్న మనిషిని నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు. ఆమె నోట టీచరమ్మ పోయి అక్క వచ్చింది. ఆమె వండిన రాగిసంగటి నా గిన్నెలోకి, నా ఇంటి క్రిస్మసు కేకు ఆమె పిల్లల చేతుల్లోకి. నాకు ఒంట్లో బాగాలేక పడుకుంటే మగ్గం పని వదిలి వచ్చి నా తల దగ్గర కూర్చునేది. ఆ వీధిలో నన్ను 'మొగుడు పోయినామె' అనకుండా 'మా అక్క' అన్నది ఆమె ఒక్కతే.

రైలు గేటు అవతల రాళ్లనేల ఒకటి జాగాలుగా కోసి అమ్ముతున్నారని ఆమే మోసుకొచ్చింది కబురు. ఇద్దరం పోయి చూశాం. తంగేడు పొదలు, గుండ్లు, దూరంగా కొండ. నాకు దిగులేసింది. ఆమె మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగు దిక్కులా చూసి, "మగ్గాలు పెరుగుతాండాయి అక్కా. ఊరు ఇట్లే కదా రావాల. ఇంగెట్ల పోతాది?" అంది. ఆ లెక్క ఆమెదే, అది నిజమైంది కూడా. పక్కపక్కన రెండు జాగాలు కొన్నాం. రిజిస్ట్రారు కచ్చేరీలో గుమాస్తా సిరా దిండు ముందుకు తోస్తే, ఆమె దాన్ని పక్కకు జరిపి కలం అడిగి తీసుకుంది. తన పేరు తానే రాసింది. బయటికొచ్చి ఇద్దరం ఉగ్గాని బజ్జీ తిన్నాం. ఆమె నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. నేనూ అంతే.

ఇల్లు కట్టాలంటే ముందు నీళ్లు కావాలి. రెండు జాగాలకూ కలిపి హద్దు మీద ఒక బావి తవ్వుకుందామని, ఖర్చు చెరిసగమని అనుకున్నాం. నీళ్లు చూసే ముసలాయన ఒకడు వచ్చాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని హద్దు రాళ్ల వెంట నడిచాడు. టెంకాయ కదలలేదు.

"ఈడ లేదమ్మా. కింద బండ ఉండాది. రోంత అవతలికి పోవాల" అంటూ ఆమె జాగాలోకి నాలుగడుగులు వేశాడు. అక్కడ టెంకాయ దానంతటదే లేచి నిలబడింది.

నేను హద్దు రాయి వైపు చూశాను. నా చూపు ఆమె పట్టుకుంది.

"నీ పక్క, నా పక్క అని చూస్తే జల పడతాదా అక్కా? యాడుంటే ఆడ తవ్విద్దాం. బావి మనిద్దరిదీ" అంది.

"అంతే కదా" అన్నాను.

ఆ రెండు మాటలే మా ఒప్పందం. బావి తవ్వేవాళ్లు భార్యాభర్తలు, వాళ్ల తమ్ముడు. రాయి వచ్చినప్పుడల్లా తూటా పెట్టేవాళ్లు, మేం దూరంగా తంగేడు పొదల వెనక చెవులు మూసుకుని కూర్చునేవాళ్లం. ఊట కనిపించిన రోజు ఆమె బెల్లం దంచి అందరికీ పంచింది. మొదటి బొక్కెన నీళ్లు నాచేత చేదించింది.

నా జాగాలో మూడు గదులు వేశాను. ఒకటి నాకు, రెండు బాడుగకు. రాతిగోడలు, పైన బండలు పరిచి మట్టి మిద్దె. నేతగాళ్లకు ఇవ్వాలనుకుంటే ఇల్లు వాళ్ల పనికి తగ్గట్టు ఉండాలి. గది పొడవుగా ఉండాలి, నేసేవాడు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంత పక్కన కిటికీ కిందికి ఉండాలి, వెలుతురు చీర మీద పడాలి. నేలలో గుంత తవ్వుతారని భయపడే యజమానికి ధర్మవరంలో బాడుగవాళ్లు నిలవరు. అందుకని గుంతలు నేనే తవ్వించి ఇచ్చాను. ఏటా మృగశిర రాకముందే మిద్దె మీద కొత్త చవుడు మట్టి పోయించేదాన్ని, కారిన తర్వాత కాదు. బాడుగ ఒకటో తేదీన అడిగేదాన్ని కాదు. నేతగాడి చేతికి దుడ్లు వచ్చేది చీర మగ్గం మీద నుంచి దిగినప్పుడు. ఆ రోజు అడిగితే నవ్వుతూ ఇస్తాడు, ఒకటో తేదీన అడిగితే అప్పు చేసి ఇస్తాడు, ఆ పైన ఇల్లు మారతాడు. వాళ్ల ఇంట్లోకి పిలవనిదే అడుగు పెట్టలేదు. బావి చేంతాడు రాత్రీ పగలూ గిలకకే వేలాడేది.

ఒక గదిలో నేతపని చేసే కుర్ర జంట దిగారు. రెండో దాంట్లో బస్సు డ్రైవరు సంసారం. నా స్నేహితురాలు తన జాగాలో ముందు ఒక ఇల్లు కట్టుకుంది, తర్వాత వెనకవైపు పట్టుకు రంగులు వేసే కొట్టం పెట్టారు. ఆమె భర్త నేత మానేసి నేయించేవాడు అయ్యాడు. మా రెండు జాగాల మధ్య అప్పట్లో కంచె కూడా లేదు. ఆమె పిల్లలు ఏ ఇంట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తినేవాళ్లు. అవి మంచి ఏళ్లు. మంచి ఏళ్లని రాయడానికి ఇప్పుడు చెయ్యి ఆడడం లేదు, కానీ అప్పుడు నాకు అవి అలాగే ఉన్నాయి.

అరవైల నడుమ వానలు పోయాయి. మొదటి ఏడు చెనిక్కాయ పైరు మొలకలోనే మాడింది. రెండో ఏడు విత్తనమే వేయలేదు. పల్లెల నుంచి జనం బెంగళూరు వైపు పనులకు పోయారు. రైలు గేటు దగ్గర రోజూ మూటలూ పిల్లలూ. ఊళ్లో బావులు ఒక్కొక్కటే అడుగంటాయి. మా బావిలో చేంతాడుకు ముడి మీద ముడి వేసి పొడుగు చేశాం. తెల్లవారేసరికి ఊరిన నీళ్లు వంతులవారీగా చేదుకునేవాళ్లం. వీధివాళ్లు వచ్చి ఒక కడవ అడిగితే కాదనలేకపోయేవాళ్లం.

ఆ ఏడు ఉగాదికి ఆమె ఎప్పటిలాగే ఓళిగలు తెచ్చింది. నీళ్లకు ఇంత కష్టంగా ఉన్నప్పుడు ఓళిగలేమిటని కోప్పడ్డాను. "పండగ కదక్కా, నీకు పెట్టకుండ మేం తింటామా?" అంది. నేను తింటుంటే పక్కనే కూర్చుని, నెమ్మదిగా అసలు మాట తీసింది.

"బావి ఇంగో రెండు నిలువులు దింపిద్దాం అక్కా. పూడిక తీసి, రోంత తూటా పెడితే జల తగలదా? ఖర్చు ఎప్పట్లానే చెరిసగం."

నా దగ్గర మిగిలింది రెండు బంగారు గాజులు. అవి కుదువ పెట్టి నా సగం ఇచ్చాను. పాత మనుషులే వచ్చి తవ్వారు. వాళ్లు కూడా ఆ పని కాగానే బెంగళూరు దారి పట్టేవాళ్లే. అదృష్టం, అడుగున పక్క నుంచి ఊట పడింది. తియ్యటి నీళ్లు. ఊరంతా ఎండిపోతుంటే మా బావిలో నీళ్లు నిలిచాయి. ఆమె నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఆమె చీరకు అంటిన పట్టు ఉడికించిన వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

అంతలో నాయనకు జబ్బు చేసిందని కబురు వచ్చింది. బడికి సెలవు పెట్టాను. బాడుగవాళ్లను, ఇంటిని ఎలా వదిలిపోవడమని వెనకాడుతుంటే ఆమే నా సంచి సర్దింది.

"నువ్వు పో అక్కా. మన ఇండ్లు నేను చూసుకుంటా. నాయన దగ్గర నిమ్మళంగా ఉండి రా."

నాయన కోలుకున్నాడు. నేను తిరిగి వచ్చిన రోజు బస్సు దిగి, రైలు గేటు దాటి, మా జాగా వైపు మలుపు తిరిగేసరికి దారి తప్పానేమో అనిపించింది. బావి కనిపించలేదు. హద్దు రాళ్ల పొడవునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మనిషి ఎత్తు రాతిగోడ లేచి ఉంది. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. నా ఇంటి ముందు డ్రైవరు భార్య ఖాళీ బిందెల పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి తల దించుకుంది.

సంచి అక్కడే పడేసి వీధి తిరిగి ఆమె వాకిలికి పోయాను. ఆమె కొట్టంలో రంగుల తొట్టి దగ్గర ఉంది. మోచేతుల దాకా ఎర్ర రంగు.

"వస్తివా అక్కా! నాయనకు ఎట్లుండాది?" అంది, ఏమీ జరగనట్టు.

"ఆ గోడ ఏంటికి కట్టించినావు?"

"ఊరంతా వచ్చి చేదుకుంటాండారు అక్కా. రంగుల పనికి నీళ్లు చాలడం లేదని మా ఆయన రోజూ గలాటా."

"ఊరి సంగతి పోనీ. నా ఇండ్లకు దారేది?"

ఆమె చేతులు దులుపుకుంది. నా మొహంలోకి చూడలేదు.

"బావి మా జాగాలో ఉండాది గదక్కా."

"మనిద్దరిదీ అంటివే?"

"అంటిని" అంది. తొట్టి వైపు తిరిగి, "నీళ్లు ఉన్నప్పుడు అంటిని" అంది.

ఆమె భర్త మగ్గాల గదిలోంచి తొంగి చూసి లోపలికి పోయాడు. చిన్న కూతురు వచ్చి నా కొంగు పట్టుకుంది. ఆమె ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి లోపలికి పొమ్మంది. పిల్లను నా దగ్గర నుంచి అలా పిలవడం అదే మొదటిసారి. గోడను చూసినప్పటికంటే ఆ పిలుపుకే నాకు ఎక్కువ దెబ్బ తగిలింది.

రెండు రోజులకు నేతగాళ్ల జంట సామాను సర్దుకున్నారు. కుర్రవాడు నాకు కనిపించకుండా తిరిగాడు. భార్య మాత్రం వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మేం పోతాండాం టీచరమ్మా. పసిబిడ్డను పెట్టుకుని నీళ్లు లేకుండ ఎట్లుండాల?"

"యాడికి పోతాండారు?"

ఆ పిల్ల గోడ వైపు చూసింది. గోడకు అవతల వాళ్లు వెనకాల కొత్తగా రెండు గదులు వేయించారని నాకు తెలుసు. మగ్గాలకని నా స్నేహితురాలు అప్పట్లో చెప్పింది.

"గుంత కూడా తవ్విచ్చి పెట్టింది మాకు" అంది ఆ పిల్ల.

"ఇంత తొందరలోనా?"

"తొందర ఏముండాది? ఆయమ్మ మాకు ఉగాదికే చెప్పిండె. బావి దింపినాక గోడ కడతాం, మీరు ఈ పక్కకు వచ్చేయండని. మీకు చెప్పొద్దనింది." ఏడుపు మొహం పెట్టి, "మీ ఉప్పు తిన్నాం టీచరమ్మా, నోరు పెగల్లేదు" అంది.

ఉగాదికి. ఓళిగలు తెచ్చిన రోజు. నా పక్కన కూర్చుని చెరిసగం అన్న రోజు. నా గాజులు పోయింది ఆ తర్వాత. కౌగిలించుకుంది ఆ తర్వాత. నా సంచి సర్దింది ఆ తర్వాత. కరువులో భయపడి, మొగుడి పోరు పడలేక, ఒక చెడ్డ గడియలో చేసిన పనైతే నేను ఏదో ఒకనాటికి మింగి ఊరుకునేదాన్నేమో. ఇది అది కాదు. నా సగం ఖర్చుతో బావి దించుకునే దాకా ఆమె నా ముందు నవ్వుతూనే ఉండాలని ముందే అనుకుంది, అలాగే నవ్వింది. ఆ పిల్ల నా ముందు నిలబడి ఉండగానే పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను. పుక్కిలించడానికి నీళ్లు కూడా డ్రైవరు భార్యను అడగాల్సి వచ్చింది.

పెద్దమనుషులను కూర్చోబెట్టాను. పట్టుచీరల వ్యాపారి ఒకాయన, ఇంకో ఇద్దరు. టేపు పెట్టి కొలిచారు. బావి గట్టు మొత్తం హద్దుకు అవతలే ఉంది. ఖర్చు సగం నేను పెట్టుకున్నానని చెప్పాను. ఆమె కాదనలేదు. "అక్క సాయం చేసింది. ఇన్నేండ్లు నీళ్లు తోడుకోల్యా?" అంది. పెద్దాయన దస్తావేజు అడిగాడు. ఆమె భర్తకు చదువు రాదు. ఆమే దాన్ని విప్పి, తూర్పు హద్దు, పడమర హద్దు అని వరుసగా చదివింది. అక్షరం కింద వేలు ఆనించి, గుణింతం ఎక్కడా తప్పకుండా, నేను నేర్పిన పద్ధతిలోనే.

"బాగా చదువుతాండావే అమ్మా" అన్నాడు పెద్దాయన మెచ్చుకోలుగా.

ఆమె తల ఎత్తలేదు. నేను లేచి వచ్చేశాను. వాళ్లు ఏం తీర్పు చెప్పారో నిలబడి వినలేదు. తర్వాత తెలిసింది, కడవల లెక్కన ఏమన్నా ఇచ్చి నీళ్లు తెచ్చుకోమన్నారట. నేను ఒక్క కడవ కూడా తెచ్చుకోలేదు.

అనంతపురం పోయి ఒక ప్లీడరును కలిశాను. ఆయన ఓపికగా విన్నాడు. "రాత లేదు. సరే. సగం ఖర్చు మీరిచ్చినట్టు సాక్షులెవరు?" అన్నాడు. బావి తవ్వినవాళ్లని చెప్పాను. వాళ్లు ఎక్కడున్నారంటే చెప్పలేకపోయాను. "కేసు వేయొచ్చమ్మా, నేను వద్దనను. కానీ అది తేలేదాకా మీ ఇండ్లల్లో ఎవరుంటారు? దాని సంగతి ముందు చూసుకోండి" అన్నాడు. ఆ మాట నన్ను గట్టెక్కించింది. కేసు మాట పక్కన పెట్టి, నా కోపానికి ఒక దారి, ఇంటికి ఒక దారి అని ఆ రోజు విడగొట్టుకున్నాను.

నా జాగాలో ఇంకోచోట బావి తవ్వించబోయాను. నడుం లోతు పోయేసరికి పరుపుబండ తగిలింది. టెంకాయ ముసలాయన ఆ రోజు నిజమే చెప్పాడన్నమాట. లేక తన జాగానే చూపించేట్టు ఆమె ముందే మాట్లాడుకుందా? ఆ అనుమానం అప్పుడు పుట్టింది, మళ్లీ పోలేదు. చెడ్డదేమిటంటే, అది అక్కడితో ఆగలేదు. రిజిస్ట్రారు కచ్చేరీ బయట తుడుచుకున్న కళ్లు నిజమేనా? నా జ్వరానికి తల దగ్గర కూర్చున్నది నా కోసమేనా? మోసం జరిగిన రోజు ఒక్కటే పోతే బాగుండేది. వెనక ఉన్న పదేళ్లను కూడా పట్టుకుపోయింది. ఒంటరిగా ఉన్న మనిషికి దాచుకోవడానికి ఉండేవే కొన్ని రోజులు. వాటిలో ఏది నాదో, ఏది నాకు చూపించడానికి చేసిందో నాకు తెలియకుండా పోయింది.

బడి బావి నుంచి రోజూ సాయంత్రం రెండు బిందెలు మోసుకొచ్చుకునేదాన్ని. డ్రైవరు సంసారానికి సగం బాడుగ తగ్గించాను. అయినా వేసవి నడిమికి వాళ్లూ పోయారు, చెప్పి, చేతులు పట్టుకుని పోయారు. రెండు గదులు ఖాళీ. ఖాళీ ఇల్లు ఎంత తొందరగా పాడవుతుందో చూస్తేనే తెలుస్తుంది. అందుకని రోజూ తలుపులు తెరిచి ఊడ్చేదాన్ని. గోడ అవతల నుంచి మగ్గాల చప్పుడు, బావి గిలక చప్పుడు వినిపించేవి. గిలక తిరిగినప్పుడల్లా ఎన్ని బొక్కెనలో తెలియకుండానే లెక్కపెట్టుకునేదాన్ని. ఆ అలవాటు మానడానికి చాలా కాలం పట్టింది.

తర్వాతి ఏడు వానలు తిరిగి పట్టాయి. చెనిక్కాయలు విరగపండాయి. బత్తలపల్లె నుంచి కాయల వ్యాపారి ఒకాయన రైలు స్టేషనుకు దగ్గరలో సరుకు దాచుకునే చోటు కోసం వెతుకుతున్నాడని బడిలో ఎవరో అన్నారు. నేనే కబురు పెట్టాను. ఆయన వచ్చి మిద్దె బండలు చూశాడు, మూలల్లో ఎలుక బొరియలు ఉన్నాయేమో వంగి చూశాడు.

"నీళ్లు ఎట్లమ్మా ఈడ?" అన్నాడు, అలవాటుగా.

"నీళ్లు లేవు. కాయలకు నీళ్లు ఏంటికప్పా?"

ఆయన పకపకా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నాకూ నవ్వు వచ్చింది. ఆ రోజు ఆయన బేరం ఆడకుండానే ఒప్పుకున్నాడు. ఒక ఇంటికి నీళ్లు లేకపోతే, నీళ్లు అక్కర్లేని బాడుగ వెతకాలని అలా తెలిసింది. ఈసారి మాత్రం ఎన్ని నెలలు, మిద్దె కారితే నష్టం ఎవరిది, తాళం ఎవరి దగ్గర, అన్నీ స్టాంపు కాగితం మీద రాయించాను. ఆయన నొచ్చుకున్నాడు. "మా మాట మీద నమ్మకం లేదా టీచరమ్మా?" అన్నాడు. ఉందన్నాను. ఉన్నప్పుడే రాసుకోవాలి, పోయాక ఎవరు రాసిస్తారని అన్నాను. సంతకం పెట్టాడు.

సంచులు నేల మీద వరుసగా పేర్చాలి కాబట్టి మగ్గం గుంతలు పూడ్చాల్సి వచ్చింది. కూలీలు మట్టి పోస్తుంటే గడపలో నిలబడి చూశాను. ఆ గుంతల్లో కాళ్లు పెట్టుకుని మనుషులు చీరలు నేశారు, పాటలు పాడుకున్నారు, ఒక బిడ్డ ఆ గుంత పక్కనే పాకడం నేర్చింది. మట్టి చదును చేసి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టారు. ఆ నీళ్లు కూడా నేను బడి నుంచి మోసుకొచ్చినవే.

కొన్నేళ్లకు మా వీధికి కుళాయి వచ్చింది. కాయల వ్యాపారి స్టేషను పక్కన సొంత గోదాము కట్టుకున్నాక నా గదులు మళ్లీ సంసారాలకు ఇచ్చాను. కుదువలో ఉన్న గాజులు విడిపించుకున్నాను, కానీ తొడుక్కోలేదు. ఆమె ఇల్లు మేడ అయింది. వెనక బాడుగ గదులు ఆరో ఏడో అయ్యాయి. బజారులో ఎదురుపడితే "బాగుండావా అక్కా?" అనేది. ఆ పిలుపులో తడబాటు ఉందేమోనని చెవి పెట్టి వినేదాన్ని. ఉండేది కాదు. తప్పు చేశానని ఆమెకు తెలుసా, లేక నీళ్లు లేనప్పుడు ఎవరైనా అంతే చేస్తారని నిజంగా అనుకుందా, నేను తేల్చుకోలేకపోయాను. తల ఊపి నడిచిపోయేదాన్ని.

మేడ గృహప్రవేశానికి నన్ను పిలవడానికి ఆమె రాలేదు. పెద్ద కూతుర్ని పంపింది. నా బడిలో చదివిన పిల్ల, గోడ లేవకముందే పెళ్లయి మొగుడితో వేరే ఊళ్లో ఉంటోంది. పళ్లెంలో పసుపూ కుంకుమా పెట్టలేదు, నా సంగతి తెలుసు గనక. పూలు, పళ్లు, వాళ్ల మగ్గం మీదే నేసిన పట్టుచీర. తెల్లటి ఒళ్లు, సన్నటి నీలం అంచు. నేను కట్టుకునే రంగు చూసి నేయించింది.

ఆ పిల్లను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. వాళ్ల పిల్లల గురించి అడిగాను. చీర మడత విప్పకుండా పళ్లెంలోనే ఉంచి, పూలూ పళ్లూ తీసుకుని, పళ్లెం తిరిగి ఆ పిల్ల చేతికి ఇచ్చాను.

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "మాయమ్మ నీకోసమని నేయించింది టీచరమ్మా. మీరిద్దరూ ఏంటికి మాట్లాడుకోరు? మాయమ్మ నీకు ఏం చేసింది?"

ఆ ఇంట్లో ఎవరూ ఆ పిల్లకు చెప్పలేదు. నేను చెబితే చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ కూతురి కళ్ల ముందు తల్లిని నిలబెట్టే పని నాది కాదనిపించింది. ఆ తల్లి కోసం కాదు, నేను అక్షరాలు దిద్దించిన ఈ పిల్ల కోసం.

"మీ అమ్మనే అడుగు" అన్నాను.

"అడిగినా. ఏం లేదు అంటాది."

"మళ్లీ అడుగు."

ఆ పిల్ల పళ్లెం కొంగుతో కప్పుకుని వీధి చివర దాకా పోయి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మలుపు తిరిగింది. తర్వాత వాళ్ల ఇంటి నుంచి నాకు ఎవరూ రాలేదు. తల్లి కూతురికి చెప్పిందో లేదో నాకు తెలియదు. గృహప్రవేశం రోజు మైకులో సన్నాయి ఊరంతా వినిపించింది. నేను కిటికీలు మూసి, పిల్లల పరీక్ష కాగితాలు ముందేసుకుని, పొద్దుగూకే దాకా దిద్దుతూ కూర్చున్నాను.